డాంగ్ కొండల్లో మూడు మెట్లు

సూరత్ అనగానే మన తెలుగువారికి ముందుగా జ్ఞాపకం వచ్చేవి చీరలు. బంధువుల ఇళ్ళలో ఏ శుభకార్యం తలపెట్టినా "మీరు సూరతులోనే కదా ఉన్నారు, ఓ పది చీరలు పంపించండి" అని కబురు రానిదే ముహూర్తం కుదరదు. ఆ తరువాతి స్థానం వజ్రాల సానకు, జరీ పనికి. సంస్థ పనిమీద విశాఖ నుండి హజీరా పారిశ్రామిక ప్రాంతానికి బదిలీ అయి వచ్చిన నాకు కూడా చాలాకాలం ఇంతకు మించి తెలియదు. ఒకవైపు సముద్రపు పోటుపాటులు, మరొకవైపు తాపీ నది ఒండ్రు నేల, నడుమ మా గొట్టాలు, చిమ్నీలు. కనుచూపు మేరలో గుట్ట అన్నది కనిపించదు. అనకాపల్లి పరిసరాల్లో పుట్టి, కళ్ళు తెరిచిన నాటినుండి కొండలు చూస్తూ పెరిగిన మా దంపతులకు అదొక వెలితిగానే ఉండేది.

ఆ వెలితిని తీర్చినవి డాంగ్ కొండలు. సూరతుకు తూర్పుగా బార్డోలీ, వ్యారా, ఉనాయ్, వఘయీ మీదుగా సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణిస్తే డాంగ్ జిల్లా కేంద్రమైన ఆహ్వా వస్తుంది. బార్డోలీ 1928 నాటి సర్దార్ పటేల్ సత్యాగ్రహానికి వేదిక. ఉనాయ్‌లో వేడినీటి బుగ్గలున్నాయి. వఘయీకి బిలిమోరా నుండి 1913లో వేసిన నారోగేజి రైలుమార్గం ఉంది. వఘయీ దాటిన తరువాత నేల స్వరూపమే మారిపోతుంది. టేకు చెట్లు, వెదురు పొదలు, మలుపు మలుపునా లోయలు. గుజరాత్‌లో అత్యధికంగా వర్షం పడే ప్రాంతాల్లో ఇది ఒకటి. పూర్ణా, అంబికా నదులు ఈ అడవుల గుండానే పడమటికి పారతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా మొత్తం జనాభా 2,28,291 మాత్రమే. అందులో నూటికి తొంభై మందికి పైగా గిరిజనులు. వీరి భిల్లు రాజుల నుండి బ్రిటిష్ వారు 1842లో టేకు అడవులను కౌలుకు తీసుకున్నారు. ఆ రాజుల వారసులకు ఏటా హోలీ ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో ప్రభుత్వం నేటికీ సాలియానా అందజేస్తున్నది. దండకారణ్యం ఇదేనని స్థానికుల విశ్వాసం. సుబీర్ దగ్గర శబరి ఆశ్రమమని ఒక చోటు చూపిస్తారు. మన భద్రాచలం వారు ఒప్పుకొంటారో లేదో నాకు తెలియదు.

సాపుతారా వేసవి విడిదిని గురించి మన పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. పిల్లల సెలవుల్లో సగం టౌన్‌షిప్ అక్కడే ఉంటుంది. నేను చెప్పబోయేది తారు రోడ్డు ఆగిపోయిన తరువాతి సంగతి.

మా ఫ్యాక్టరీలో నాకంటె పాతికేళ్ళు చిన్నవాడైన ఒక ఇంజనీరు ఉన్నాడు. వ్యారా వైపు పల్లెకు చెందినవాడు. మూడేళ్ళ క్రితం ఒక పాత మారుతి జిప్సీ కొన్నాడు. 1985 చివర మన దేశపు రోడ్ల మీదకు వచ్చి, సైన్యంలోను, పోలీసు శాఖలోను, అటవీశాఖలోను మూడు దశాబ్దాలకు పైగా సేవలందించిన ఆ వాహనం ఇప్పుడు తయారీలో లేదు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తినందించగల బండ్లు ఇష్టపడేవారు మాత్రం దానిని పాత వీణలా చూసుకుంటారు. సెలవు దినాల్లో ఆ కుర్రవాడు డాంగ్ కొండదారుల్లో తిరిగి వచ్చి సోమవారం నాడు క్యాంటీనులో ముచ్చట్లు చెబుతుంటే నాలో ఏదో పాత జ్ఞాపకం కదిలేది.

చిన్నతనంలో మా మేనమామ పాడేరు ఏజెన్సీలో ఉపాధ్యాయుడుగా ఉండేవారు. వేసవిలో ఆయన దగ్గరకు వెళ్ళేటప్పుడు ఘాట్ రోడ్డు చివర బస్సు దిగి జీపు ఎక్కేవాళ్ళం. పది మందికి చేసిన జీపులో ఇరవై మంది. టాపు మీద పసుపు బస్తాలు, వెనుక కమ్మీలకు వేలాడే మనుషులు, డ్రైవరుకు సగం సీటు. అతడు ఒక కాలు బయట పెట్టి, పళ్ళ మధ్య బీడీ బిగించి, రాళ్ళ వాగుల్లో ఆ బండిని నడిపించిన తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బొర్రా దగ్గర కటికి జలపాతానికి యాత్రికులను తీసుకువెళ్ళే జీపులను చూసినవారికి ఆ దారుల రుచి కొంత తెలిసే ఉంటుంది. ఈ రోజుల్లో మనం సాహసయాత్ర అని పిలుచుకుంటున్నది వారికి సంతకు వెళ్ళే దారి మాత్రమే.

"సాహెబ్, ఒకసారి మీరు నడపండి" అని ఆ కుర్రవాడు ఆహ్వానించటం, నేను మొహమాటానికి రెండుసార్లు కాదని మూడోసారి ఒప్పుకోవటం జరిగాయి. ఏడాదిలో నాలుగుసార్లు అతనితో వెళ్ళి నాలుగు మెళకువలు నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను అంటే సరిగ్గా ఉంటుంది.

ఇక్కడ కొంత సాంకేతిక విషయం చెప్పక తప్పదు. సాధారణ పాఠకులు ఒక్క పేరా ఓర్చుకోవాలి. మనుషులతో కలిపి 1300 కిలోల బరువున్న బండి 20 డిగ్రీల వాలు ఎక్కుతున్నదనుకుందాం. భూమ్యాకర్షణ దానిని సుమారు 440 కిలోల బలంతో వెనక్కు లాగుతుంది. వదులు మొరం మీద టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం 0.45 అనుకుంటే, ఎత్తు ఎక్కేటప్పుడు వెనుక ఇరుసు మీద పడే అరవై శాతం బరువుతో వెనుక చక్రాలు ఇవ్వగలిగిన పట్టు 330 కిలోలకు మించదు. కనుక వెనుక చక్రాలతో మాత్రమే నడిచే బండి అక్కడ చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందిస్తే పట్టు 550 కిలోలు. బండి ఎక్కుతుంది. మొత్తం రహస్యం ఇంతే. దీనికి తోడు లో గేరు అనే రెండవ వరుస పళ్ళచక్రాలుంటాయి. అవి వేగాన్ని తగ్గించి ఆ మేరకు బలాన్ని పెంచుతాయి. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే వాటి విలువ తెలుస్తుంది. లో మొదటి గేరులో ఇంజనే బండిని పట్టుకుని మెల్లగా దింపుతుంది; బ్రేకుతో పని ఉండదు.

అయితే లెక్కలో చెప్పని సంగతి ఒకటుంది. ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ అనే సాధనం రెండు చక్రాల్లో దేనికి అడ్డు తక్కువో దానినే తేలికగా తిప్పుతుంది. మలుపుల్లో అది గుణం. కొండరాళ్ళ మీద ఒక చక్రం గాలిలోకి లేస్తే అదే దోషం. గాలిలో ఉన్నది గిర్రున తిరుగుతుంది, నేలమీద ఉన్నది చలించదు. ముందు కుడిచక్రం, వెనుక ఎడమచక్రం ఒకేసారి లేచాయంటే నాలుగు చక్రాల బండికి కూడా గమనం ఉండదు. ఇప్పటి కొన్ని బండ్లలో డిఫరెన్షియల్‌ను బిగించే ఏర్పాటు ఉంది. మా పాత జిప్సీలో అది లేదు.

బయలుదేరే ముందు బండిని ఉధనాలోని ఒక మెకానిక్‌కు చూపించాము. ఉధనా, లింబాయత్ ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఇతడు కూడా ఆ కుటుంబాలలోనివాడే. తండ్రి మగ్గం నడిపాడు, కొడుకు పానా పట్టాడు. బండి కిందకు దూరి అరగంట తరువాత బయటకు వచ్చి, "సార్, బండి మంచిగనే ఉన్నది. నడిపేటోడే సూస్కోవాలె" అన్నాడు. ఆ మాటను నేను మర్యాదపూర్వకమైన హాస్యంగా తీసుకున్నాను.

గత నవంబరు చివరి ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాము. నిజానికి రెండు బండ్లు వెళ్ళవలసింది. రెండవ బండి యజమానికి ఆ రాత్రి యూనిట్‌లో మరమ్మతు పని తగిలి రాలేకపోయాడు. కుర్రవాడు వాయిదా వేద్దామన్నాడు. అటవీశాఖ వారి అనుమతి ఆ రోజుకే తీసుకున్నామని, నా శ్రీమతి పులిహోర కూడా చేసిందని, వాదించి బయలుదేరదీసినవాణ్ణి నేనే. ప్లాంటులో ట్యాంకులోకి మనిషిని దింపాలంటే పైన మరొక మనిషి కాపలా లేనిదే పర్మిట్ మీద సంతకం చేయని ఉద్యోగిని నేను. ఆదివారం నాడు ఆ నియమం నాకు వర్తించదనుకున్నాను కాబోలు.

వఘయీలో టీ తాగి, ఆహ్వా దాటి, మహారాష్ట్ర సరిహద్దు కొండవరస వైపు తిరిగాము. అక్కడి డోన్ గ్రామం ఇప్పుడు యాత్రికులకు బాగా పరిచయమైంది. దానికి తారు రోడ్డు కూడా పడింది. మేము వెళ్ళినది దానికి కొంత ఎడంగా, కొండ అంచున ఉన్న ఒక చిన్న పల్లెకు. దాని పేరు ఇక్కడ రాయటం లేదు. రాస్తే సంక్రాంతి సెలవులకు మన టౌన్‌షిప్‌లోని బండ్లన్నీ ఆ దారిలోనే ఉంటాయి. వారి ఎడ్లబండ్ల బాట వానాకాలం నాటికి కాలువ అయిపోతుంది.

తారు రోడ్డు వదిలిన తరువాత ఒక వాగు. నీళ్ళు మోకాలి లోతుకు తక్కువే. కుర్రవాడు చెప్పులు విడిచి, కర్రతో లోతు చూసుకుంటూ అవతలి ఒడ్డుకు నడిచి వెళ్ళి వచ్చాడు. వాగును ముందు కాళ్ళతో దాటి ఆ తరువాతనే చక్రాలతో దాటాలన్నది అతని పద్ధతి. అక్కడే నాలుగు టైర్లలో గాలి 28 నుండి 20కి తగ్గించాము. గాలి తగ్గితే టైరు నేలమీద వెడల్పుగా పరుచుకుని పట్టు పెరుగుతుంది. మరీ తగ్గిస్తే రాతి అంచులు టైరు పక్కలను కోసేస్తాయి. ఈ కొండల రాయి అటువంటిది.

ఆ రాయిని గురించి రెండు మాటలు. ఇదంతా దక్కను లావా రాయి. దాదాపు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుండి ఉబికిన లావా పొర మీద పొరగా పరుచుకుని గట్టిపడింది. ప్రతి పొరలోను గట్టి భాగం ఒకటి, బుడగలతో గుల్లబారిన మెత్తని భాగం ఒకటి ఉంటాయి. వానలకు మెత్తనిది కరిగిపోయి గట్టిది నిటారుగా నిలబడుతుంది. అందుకే ఈ కొండలు దూరం నుండి చూస్తే మెట్లు కట్టినట్టు కనిపిస్తాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన ట్రాప్ అనే పేరు కూడా మెట్లు అని అర్థమిచ్చే స్వీడిష్ మాట నుండి వచ్చినదే. మేము ఎక్కవలసిన దారి కూడా సరిగ్గా అలాగే ఉంది. ఒక అరుగు, ఒక మెట్టు. మళ్ళీ అరుగు, మళ్ళీ మెట్టు. అరుగు మీద పొలాలు, టేకు చెట్లు, చల్లని నీడ. మెట్టు దగ్గర వదులు మొరం, దాని కింద నల్లరాయి. పల్లెకు ఇటువంటి మెట్లు మూడు.

మొదటి మెట్టు ఎక్కేటప్పుడు స్టీరింగు దగ్గర కుర్రవాడున్నాడు. బండి తాబేలులా ఎక్కింది. ఇంజను ధ్వని కూడా మారలేదు. ఆ తేలిక చూసి నాకు ధైర్యం వచ్చింది. రెండవ మెట్టు ముందు "నేను నడుపుతాను" అన్నాను. అతడు ఒక్క క్షణం మెట్టు వైపు చూసి తాళం చేతి నా చేతిలో పెట్టాడు. పెద్దవాణ్ణి కాదనలేకపోయాడని ఇప్పుడు తెలుస్తున్నది.

"ఏమండీ, నేను దిగి నడుస్తాను" అన్నది నా శ్రీమతి.

"అవసరం లేదు. బరువు ఉంటేనే పట్టు బాగుంటుంది" అన్నాను.

"బరువు కావాలంటే రాళ్ళు వేసుకోండి. నాకు మోకాళ్ళు పట్టేశాయి" అని ఆమె సీసా పట్టుకుని దిగి, దారి పక్కగా పైకి నడిచి ఒక చెట్టు కింద నిలబడింది. ఆ మాటకు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

కుర్రవాడు ముందు నిలబడి చేతులతో దారి చూపిస్తున్నాడు. లో మొదటి గేరులో బయలుదేరాను. సగం దూరం వరకు ఏ ఇబ్బందీ లేదు. అక్కడ వాననీరు కోసిన గాడి ఒకటి దారికి అడ్డంగా ఉంది. అతడు ఎడమకు రమ్మని సైగ చేశాడు. నేను గాడి అంచు పట్టుకుని పోదామని కుడికి తీశాను. ముందు కుడిచక్రం ఒక బండ ఎక్కి లేచింది. వెనుక ఎడమచక్రం గాడిలో వేలాడింది. పైన చెప్పిన కర్ణపు దోషం. రెండు చక్రాలు గాలిలో తిరిగాయి. నేను యాక్సిలరేటరు తొక్కాను. మొరం ఎగిరింది, బండి వణికింది, ఇంజను ఆగిపోయింది.

అప్పుడు చేయవలసిన పని ఒకటే. క్లచ్ జోలికి పోకుండా, బ్రేకు మీద కాలు, చేతి బ్రేకు బిగింపు. బండి గేరులోనే ఉంటే ఇంజను దానిని పట్టి ఉంచుతుంది. తరువాత నింపాదిగా రివర్సు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, కీ తిప్పి, ఎక్కిన దారినే నేరుగా వెనక్కు దిగటం. ఈ క్రమాన్ని నేను నోటితో పదిసార్లు అప్పజెప్పగలను. కాని ముప్ఫై ఏళ్ళుగా సూరత్, విశాఖ రోడ్ల మీద ఇంజను ఆగిన ప్రతిసారీ నా ఎడమకాలు చేసిన పని వేరు. అది నన్ను అడగలేదు. క్లచ్‌ను అడుగుదాకా తొక్కింది.

బండి వెనక్కు జారింది. బ్రేకు బలంగానే తొక్కాను. ఎత్తు మీద వెనక్కు జారే బండికి బరువంతా వెనుక ఇరుసు మీదకు పోయి ముందు చక్రాలు తేలికైపోతాయి. అవి బిగుసుకుపోయి మొరం మీద సబ్బులా జారాయి. బిగుసుకున్న చక్రాలను స్టీరింగు తిప్పలేదు. ముక్కు లోయవైపు తిరగటం మొదలైంది. బండి నేరుగా కాక అడ్డంగా అయ్యే ఆ క్షణమే ఇటువంటి దారుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. వాలుకు అడ్డంగా పడిన బండికి దొర్లటం ఒక్కటే తెలుసు. అటువైపు చెట్లు లేవు. ఎంత లోతో చూసే ధైర్యం అప్పుడు లేదు.

"సాహెబ్, క్లచ్ ఛోడో! క్లచ్ ఛోడో!" అన్న కేక ఎక్కడో దూరం నుండి వినిపించినట్టుంది. అతడు పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. కాలు తీశాను. బండి ఒక్కసారి ఎగిరిపడి, గేరు పట్టుకుని, అదే సమయంలో వెనుక ఎడమవైపు ఏదో రాతికి ధడాలున తగిలి ఆగింది. మొత్తం జారినది మూడు మీటర్లు. తరువాత మేము అడుగులతో కొలిచాము. లోయ అంచుకు మిగిలినది దానికన్నా తక్కువ.

కుర్రవాడు పరుగెత్తి వచ్చి చక్రాల వెనుక రాళ్ళు పెట్టేవరకు నేను బ్రేకు మీద నుండి కాలు తీయలేదు. తీసిన తరువాత ఆ కాలు వణకటం ఆగటానికి చాలాసేపు పట్టింది. శ్రీమతి మెల్లగా దిగివచ్చి సీసా నా చేతికిచ్చింది. ఒక్క మాట అనలేదు. మన ఇళ్ళలో అటువంటి మౌనానికి అర్థం పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆమె ఆ బండిలో కూర్చుని ఉండవలసిందని పది నిమిషాల ముందు నేను వాదించాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ రాత్రిపూట మెలకువ వస్తుంది.

ఇంతలో పైనుండి ముగ్గురు మనుషులు దిగి వచ్చారు. నడుముకు కొడవళ్ళు, భుజాన తాళ్ళు. మా బండి శబ్దం, తరువాత నిశ్శబ్దం విని వచ్చామన్నారు. వారిది డాంగీ భాష. గుజరాతీ, మరాఠీ కలగలిసినట్టుంటుంది. వారిలో పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, గాలిలో ఉన్న చక్రం కిందికి రాళ్ళు పేర్చటం ప్రారంభించాడు. ఏ రాయి ఏ వైపు పెట్టాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పొలాల గట్లు పేర్చిన చేతులవి. మిగిలిన ఇద్దరు ముందుకు తాడు కట్టి, లోయకు ఎదుటివైపున్న టేకు మొదలుకు చుట్టి పట్టుకున్నారు. నేను తాళం చేతిని కుర్రవాడికి ఇచ్చేశాను. అతడు రివర్సులో, క్లచ్ వదిలి, కీ తిప్పాడు. పెద్దాయన "ధీమే, ధీమే" అంటూ అరచేతిని నేలవైపు ఆడిస్తుంటే బండి ఒక్కొక్క జానెడు చొప్పున నిటారు అయి, అరుగు మీదకు దిగింది. అందుకు గంటన్నర పట్టింది.

పల్లె ఇంకా పైన ఉంది. బండిని అక్కడే వదిలి నడిచి వెళ్ళాము. వెదురు తడికలకు మట్టి మెత్తిన గోడలు, పెంకు కప్పులు, కొండ అంచున నాగ్లీ నూర్చిన కళ్ళాలు. నాగ్లీ అంటే మన రాగులే. మా వైపు చోళ్ళు అంటాము. రాగిరొట్టె, మినపపప్పు, వెదురు కొమ్ముల పచ్చడి పెట్టారు. మా పులిహోర వారికి పంచాము. పులుపు మా అంచనాకన్నా వారికి బాగా నచ్చింది.

తిరుగుముఖం పట్టే సమయానికి పెద్దాయన కుర్రవాణ్ణి పక్కకు పిలిచి ఏదో అడిగాడు. ఆయన తల్లికి వారం క్రితం కాలిలో ముల్లు విరిగి, ఇప్పుడు పాదం నుండి పిక్క దాకా వాచి, జ్వరంగా ఉంది. మరునాడు ఆమెను మోసుకుని రోడ్డు దాకా వెళ్ళి ఏదైనా బండి పట్టుకుందామనుకుంటున్నారు. మీరు ఆహ్వా మీదుగానే కదా పోతారు, తీసుకువెళ్ళగలరా అని.

లోపలికి వెళ్ళి చూశాము. ముసలమ్మ మంచం మీద కూర్చునే ఉంది గాని కళ్ళు బరువెక్కి ఉన్నాయి. మరునాటిదాకా ఆగకూడదని తెలుసుకోవటానికి వైద్యం చదవనక్కరలేదు. అప్పుడు మూడున్నర. ఆరు గంటలకు చీకటి పడుతుంది. కుర్రవాడు నా వైపు చూశాడు. ఆమెను ఆ బండిలో, ఆ దారిన దింపటానికి నాకు నోరు రాలేదు. మూడు గంటల క్రితం అదే బండి నా చేతిలో ఎలా జారిందో తెలిసినవాణ్ణి. కాదనటానికీ నోరు రాలేదు.

చిక్కు విప్పినది నా శ్రీమతి. "ఆవిడను మెట్ల మీద బండి ఎక్కించటం ఎందుకండీ? మన ఏజెన్సీలో డోలీ కట్టి తీసుకువస్తారు కదా. మూడు మెట్లూ డోలీలో దింపి, కింద వాగు దగ్గర బండి ఎక్కిస్తే సరి. బండి ఖాళీగా దిగుతుంది" అన్నది. ఆ మాట కుర్రవాడు అనువదించేలోగానే పెద్దాయన కొడుకు వెదురు బొంగు తీసుకువచ్చాడు. వారు ఎటూ చేసేది అదే.

ఖాళీ బండిని కుర్రవాడు దింపాడు. నేను ముందు నడుస్తూ చేతులతో దారి చూపించాను. దిగేటప్పుడు లో మొదటి గేరు, పాదాలు రెండూ పెడల్స్‌కు దూరంగా. వాలు ఎక్కువైన చోట బ్రేకు తాకాలనిపిస్తుంది, తాకకూడదు. బండి తన వేగాన్ని తానే చూసుకుంటుంది. ఎక్కేటప్పుడు అలవోకగా దాటిన మొదటి మెట్టు పైనుండి చూస్తే బావిలోకి చూసినట్టుంది. ఒకచోట వెనుక చక్రం లేచింది. అతడు ఆగలేదు, తొందరపడలేదు, నేను చూపిన రాయి మీదకు ముందు చక్రాన్ని దించాడు. వెనుకది నేల తాకింది.

మేము వాగు చేరేసరికి డోలీ మనుషులు ఆమెను బండ మీద కూర్చోబెట్టి, బీడీలు సగం కాల్చి ఉన్నారు. చెప్పులు కూడా లేని కాళ్ళతో వారు మాకన్నా పావుగంట ముందు దిగారు. 80 అశ్వాల ఇంజను సంగతి వారికి నేను చెప్పలేదు.

ముసలమ్మను ముందు సీటులో కూర్చోబెట్టి, కొడుకుతో సహా మేము వెనుక సర్దుకున్నాము. వాగు దాటి టైర్లలో గాలి నింపుకునే ఓపిక లేక నెమ్మదిగానే పోనిచ్చాము. తారు రోడ్డు ఎక్కగానే నాలుగు చక్రాల మీట మాత్రం తీసివేయాలి. ఇటువంటి బండ్లలో ముందు, వెనుక ఇరుసులు ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. గట్టి రోడ్డు మీద మలుపు తిరిగితే చక్రాలు జారే వీలులేక గేర్లు మెలిపడతాయి. ఆహ్వా ఆసుపత్రికి చేరేసరికి ఆరు దాటింది. కాలు చూసిన డాక్టరు, తేవటం మంచిదయిందని మాత్రం అన్నారు. పెద్దాయన సెలవు తీసుకుంటూ ఒక గుడ్డమూట మా సీటు మీద పెట్టాడు. అందులో నాగ్లీ పిండి. ఇల్లు చేరేసరికి పదకొండు.

పది రోజుల తరువాత ఆయన కుర్రవాడికి ఫోను చేశాడు. ఫోను చేయాలంటే వారు సిగ్నలు కోసం కొండ అంచు దాకా నడిచి రావాలి. తల్లి ఇంటికి వచ్చిందట, కర్ర పట్టుకుని నడుస్తున్నదట.

మరుసటి ఆదివారం బండిని మళ్ళీ ఉధనాకు తీసుకువెళ్ళాము. మెకానిక్ కిందకు దూరి చాలాసేపు బయటకు రాలేదు. తరువాత నన్ను కూడా వంగి చూడమన్నాడు. వెనుక ఇరుసు మీదుగా ఎడమచక్రానికి పోయే బ్రేకు గొట్టం ఒకచోట రాతికి నొక్కుకుపోయి చదునుగా ఉంది.

"సార్, గిది సూసిండ్రా? ఇంకింత నొక్కుకపోతే ఆయిల్ మొత్తం కారిపోవు. కొండ మీద బ్రేకు ఉండకపోవు. నడిపినోడెవలు?"

"నేనే" అన్నాను.

అతడు నవ్వలేదు. గొట్టం మార్చి, దానికి అడ్డంగా ఒక ఇనుపరేకు వంచి బిగించాడు. మా స్టోర్స్ విభాగం వారు కంగారు పడవలసిన పని లేదు. ఆ రేకు బజారులో మూడువందలు పెట్టి కొన్నదే, రసీదు నా దగ్గరుంది.

జనవరిలో రెండు బండ్లతో మళ్ళీ వెళ్ళాము. నేను వాగు దాకా నడిపి తాళం చేతి కుర్రవాడికిచ్చి దిగాను. నాతోపాటు దిగినవారిలో నా శ్రీమతి ముందుంది. ముసలమ్మ గడపలో కూర్చుని చేటలో నాగ్లీ చెరుగుతున్నది. ఆ పిండితో మా ఇంట్లో రొట్టె ఇంతవరకు ఒక్కసారీ గుండ్రంగా రాలేదని చెబితే, నా శ్రీమతి చేతులు తన చేతుల్లోకి తీసుకుని, ముద్దను అరచేతుల మధ్య తిప్పుతూ ఎలా తట్టాలో చూపించింది.